చూపు, అనుమానం, విలువ: నాంపల్లి, ఆబిడ్స్ బజార్ల నేపథ్యంలో పర్యావరణహితవస్తు వివేచన

పర్యావరణహితం అనే గుణం కంటికి కనిపించదు. వస్త్రం రంగు, నేత కనిపిస్తాయి. అద్దకానికి ఎంత నీరు ఖర్చయిందో, ఆ నీరు ఏ కాలువలో కలిసిందో కనిపించవు. అయినా కొనుగోలుదారు 'చూడగానే తెలుస్తోంది' అంటాడు. ఆ తెలియడం ఏ ప్రమాణం వల్ల కలిగింది?

1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో స్థానిక ఉత్పత్తుల ప్రదర్శనగా మొదలై, తరువాత నాంపల్లి మైదానానికి మారిన నుమాయిష్ పేరుకు అర్థమే 'ప్రదర్శన'. అటువంటి చోట వస్తువు తన గుణాన్ని చూపుకే నిరూపించుకోవాలి. చలువ చేయని గుడ్డ, మట్టిరంగు, ఆకుబొమ్మ, గోధుమరంగు కాగితపు సంచి ఇందుకు సాధనాలు. నైయాయికుల పరిభాషలో ఇక్కడ జరిగేది ప్రత్యక్షం కాదు, అనుమానం. పొగకు నిప్పుతో ఉన్న వ్యాప్తి వంటిది గోధుమరంగుకు పర్యావరణహితంతో లేదు. సాధ్యం లేనిచోటా ఉండగల ఈ హేతువు సవ్యభిచారం. పైగా లింగానికే ధర పలికినప్పుడు అమ్మకందారు లింగాన్నే తయారుచేయడం నేర్చుకుంటాడు.

పోచంపల్లి ఇక్కత్‌లో నేతకు ముందే నూలుకు కట్లు కట్టి రంగు అద్దుతారు. అందువల్ల ఆకృతుల అంచులు కొద్దిగా మసకబారుతాయి. అది లోపం కాదు, ప్రక్రియ వదిలిన జాడ. మరమగ్గం గుడ్డపై అచ్చువేసేవారు ఆ మసకను సైతం అచ్చువేస్తున్నారు. అయితే గుడ్డను తిరగేస్తే అనుకరణ చాలావరకు బయటపడుతుంది. ఇక్కత్‌కు ఇరువైపులా దాదాపు ఒకే స్పష్టత ఉంటుంది, అచ్చు వెనుకవైపు వెలసినట్లుంటుంది. అంతమాత్రాన ప్రశ్న తీరదు. చేనేత అని తేలిన వస్త్రంలోనూ రసాయనిక రంగులు ఉండవచ్చు. మరోవైపు నీలిమందు, మంజిష్ఠ వంటి సహజవర్ణాలు గాఢమైన నీలాన్ని, ఎరుపును ఇస్తాయి. మెరిసేదంతా రసాయనమనీ, వెలసినదంతా సహజమనీ తీర్మానించే చూపు రెండు వైపులా పొరబడుతుంది.

శబ్దప్రమాణం ఈ లోటును కొంత తీరుస్తుంది. 2006లో వచ్చిన హ్యాండ్లూమ్ మార్క్ చేతిమగ్గానికి సాక్ష్యం పలుకుతుంది, అద్దకపు నీటి గురించి మౌనం వహిస్తుంది. పర్యావరణం పేరిట జరిగే తప్పుడు ప్రచారాన్ని నియంత్రించే 2024 నాటి కేంద్ర మార్గదర్శకాలు, వంచనకు దారితీయనంతవరకు సాధారణమైన రంగుల కూర్పును, చిత్రాలను తమ నిర్వచనం నుంచి మినహాయించాయి. రంగు వాగ్దానం చేయదు, స్ఫురింపజేస్తుంది. స్ఫురణకు బాధ్యుడెవరో తేల్చడం చట్టానికి కష్టమే.

ఆబిడ్స్ కాలిబాటపై ఆదివారం పరచిన పాతపుస్తకాల వద్ద ఈ చూపు తలకిందులవుతుంది. మనలో చాలామంది పరిశోధనకు అరుదైన సామగ్రి దొరికిన చోటు అది. ఆ పుస్తకానికి కొత్త కాగితం అక్కరలేదు, కొత్త సిరా అక్కరలేదు. పునర్వినియోగానికి అంతకంటే మంచి ఉదాహరణ వెతకనక్కరలేదు. అయినా పసుపుబారిన పుట ధరను తగ్గిస్తుంది. దాదాపు అదే ఛాయను కొత్త నోటుపుస్తకానికి పులిమితే ధర పెరుగుతుంది. వర్ణం ఒక్కటే. ఒకచోట అది వాడుకకు గుర్తు, మరొకచోట కొనేవాని సద్బుద్ధికి గుర్తు. రెండవదానికి చెల్లించే సొమ్ములో ఎంత భాగం భూమికోసం, ఎంత భాగం తన్ను తాను మంచివాడిగా చూసుకోవడంకోసం?

దుకాణం ముందు రెండు నిమిషాలు నిలిచే కొనుగోలుదారు అనుమానించక తప్పదు, అందులో దోషం లేదు. సంశయం కలగవలసిన చోట కలగకపోవడమే దోషం. దాని మూల్యం ఇతరులు చెల్లిస్తారు. 'ఇది రసాయనిక రంగే' అని ఉన్నమాట చెప్పిన నేతగాని చీర మడత విప్పకుండానే మిగిలిపోతుంది, పక్క దుకాణంలోని మట్టిరంగు అచ్చుగుడ్డ అమ్ముడవుతుంది.