తేదీ చక్రానిది, పేరు రథానిది

పాత స్పోర్ట్స్ కారును బాగుచేసి మళ్లీ రోడ్డెక్కించాలనుకునేవారు ముందు వెతికేది ఇంజన్ దిమ్మె మీద పోతలోనే ఉబ్బెత్తుగా తేలిన గుర్తుల కోసం. షెవర్లే కార్వెట్‌లో ‘డి 12 7’ అని ఉంటే ఏప్రిల్ 12న పోత పోశారన్నమాట. చివరి 7 సంవత్సరంలో ఆఖరి అంకె. అది 1957 కావచ్చు, 1967 కావచ్చు. పక్కనున్న పోత నంబరుతో కలిపి చదివితేనే తేలుతుంది. కారు తయారైన రోజు కన్నా ఆ తేదీ ముందుండాలి. ఒక్క రోజు తర్వాతిదైనా ఆ ఇంజన్ ఆ కారుతో పుట్టింది కాదు. కానీ తేదీ సరిపోయినంత మాత్రాన అది ఆ కారుదే అని రుజువైనట్టా? అదే వారం పోసిన ఇంకో దిమ్మె తెచ్చి బిగించినా తేదీ సరిపోతుంది. తేదీ ముక్క వయసు చెబుతుంది, దాని ఇల్లు చెప్పదు.

ఈ చిక్కు కృష్ణా డెల్టాకు కొత్త కాదు. 1830 ప్రాంతంలో బందరులో రాబర్ట్‌సన్ దొర తన కొత్త బజారు అందం కోసం అమరావతి స్తూపం శిల్పఫలకాలు తెప్పించాడు. తర్వాత వాటిలో చాలావరకు మద్రాసు చేరాయి. అవి అచ్చంగా అసలు రాళ్లే. అయినా అవి నిలిచినచోట స్తూపం లేదు. మరి స్తూపం ఎక్కడుంది? అదే డెల్టాలోని ఘంటసాలలో ఇంకో స్తూపపు ఇటుక పునాదిని చూడండి: నడుమ చదరపు దిమ్మె, చుట్టూ వలయం, రెంటినీ కలిపే అడ్డగోడలు. బండి చక్రమే గుర్తుకొస్తుంది. గ్రీకు రాజు మిలిందుడికి బౌద్ధ భిక్షువు నాగసేనుడు చెప్పిందీ బండి గురించే. ఇరుసు రథం కాదు, చక్రం రథం కాదు, కాడి రథం కాదు; వాటన్నిటి కూడికకు మనం పెట్టుకున్న పేరు రథం.

అలాగైతే తేదీల కోసం ఇంత తాపత్రయం దేనికని అడగవచ్చు. నాకు దీని అర్థం సరిగ్గా తలకిందులుగా తోస్తుంది. రథానికి లోపల విడిగా ఆత్మ ఉంటే, ఏ ముక్క మార్చినా అదే దాన్ని కాపాడేది. లేదు కనుకనే, ఏ ముక్క ఎప్పుడు చేరింది, ఏది ఎప్పుడు పోయింది అన్న వరసే దానికి ఆధారం. ఆ వరసలో ఒక్క అబద్ధం దూరినా పేరు నిలవదు. పాత అంకెలు అరగదీసి కావలసిన తేదీ కొట్టించడం అందుకే మామూలు రిపేరు కాదు, అసత్యం.

ఇంతకన్నా గట్టి ఆక్షేపణ గుడి నుంచి వస్తుంది. జీర్ణోద్ధరణలో రాళ్లు మారతాయి, ఒక్కోసారి విగ్రహమే మారుతుంది, దేవుడు మాత్రం ఆయనే అంటాం కదా? నిజమే. కానీ ఆ పద్ధతిని దగ్గరగా చూడాలి. కృష్ణా డెల్టాలోని శ్రీకాకుళంలో ఆంధ్ర మహావిష్ణువుకైనా, మరో ఊరి స్వామికైనా, ఆగమం ప్రకారం ముందు కళాకర్షణ చేసి మూర్తి కళను కలశంలోకి తీసుకుంటారు. పని పూర్తయ్యేదాకా పూజలు బాలాలయంలో జరుగుతాయి. తర్వాత పునఃప్రతిష్ఠ, అదీ ఊరంతా చూస్తుండగా. కొత్త రాయిని పాతరాయి అని ఎవరూ నమ్మించరు. మార్పు బహిరంగం, అందుకే కొనసాగింపు నమ్మదగినది. కట్టడాల సంరక్షణపై 1964 నాటి వెనిస్ ఒడంబడిక కూడా కొత్తగా చేర్చిన భాగం మొత్తంలో ఇమడాలి, అయినా అసలు దాని నుంచి వేరుగా తెలియాలి అంటుంది.

కనుక పాత కారు బాగుచేసేవారికి నా మనవి ఒక్కటే. అసలు ముక్క దొరక్కపోతే కొత్తది బిగించండి, తప్పులేదు. దాని మీద దాని సొంత తేదీనే ఉంచండి. కారు కాగితాల్లో ఆ సంగతి రాసి, తర్వాత కొనేవారి చేతికి ఇవ్వండి.