ఎదురు కబురు

పెద్ద ఆఫీసుల వాయిస్‌ మెయిల్‌లో ఒక కట్టడి పెట్టుకోవచ్చు. గుమాస్తాల గుంపు నుంచి మేనేజర్ల గుంపుకి కబురు పోదు. పైనుంచి కిందికి మాత్రం నిక్షేపంగా వస్తుంది. 2018లో వాట్సాప్‌ కూడా గ్రూపుల్లో అడ్మిన్లు మాత్రమే మాట్లాడే వీలు తెచ్చింది. తప్పేమీ లేదు లెండి. పొద్దున్నే వచ్చిపడే గులాబీపూల కింద అసలు కబురు నలిగిపోకూడదుగా!

కాని అల్లరిని చూసి నోరు కట్టడం వేరు, గుంపుని చూసి కట్టడం వేరు. నేరేడుచర్ల వైపు సాగర్‌ ఎడమ కాలువ కింద రైతునడగండి. "నీళ్ళు వదిలారు" అన్నది పైవాళ్ళు చెప్పగలరు. "మా చివరి మడికి చేరలేదు" అన్నది ఆ మడి గట్టు మీద నిలబడ్డవాడే చెప్పాలి. వెనకటికి దండోరా వేసేవాణ్ణయినా వీధిలో ఆపి, "ఏ తూముకట?" అని అడిగేవారు. తెలిస్తే చెప్పేవాడు, తెలియకపోతే ఆ ప్రశ్నను పట్వారీ దాకా మోసుకెళ్ళేవాడు.