అవతలి వైపు అంకె

ఏడాదిలో ఇన్ని పుస్తకాలు చదివి తీరతానని నలుగురి ముందు మాటిచ్చే మనిషి అసలు దేనికి మాటిస్తున్నాడు? పుస్తకాలకా, అంకెకా, ఆ నలుగురికా? మా చదువరుల బృందంలో చాలామంది ఆ నలుగురికే మాటిచ్చారని నా అనుమానం. ఇంట్లో ఒక్కడే కూర్చుని పెట్టుకున్న ఒట్టును గట్టున పెట్టడం తేలిక. నెల తిరిగేసరికి ఎదురుపడి "ఏం చదివారు?" అని అడిగే మనుషులుంటే అంత తేలిక కాదు.

మేం పెట్టుకున్న షరతులు కొన్నే. కథలు, నవలలు, కవిత్వం లెక్కలోకి రావు. చరిత్ర, ఆత్మకథ, యాత్ర, విజ్ఞానశాస్త్రం, వ్యాసం, ఇలా జరిగినదాని గురించో ఉన్నదాని గురించో రాసిన పుస్తకాలే చదవాలి. నెలకోసారి ఎవరో ఒకరి డాబా మీద కలవాలి. చదివింది చెప్పాలి, అడిగినదానికి జవాబివ్వాలి. మిర్చిబజ్జీల ఖర్చు ఆ ఇంటివాళ్లది. ఈ చివరి షరతు మాత్రం ఎవరూ తప్పలేదు.

అంకె మీద నాకు మొదటినుంచీ గురి లేదు. లెక్క మొదలవగానే చెయ్యి సన్నపాటి పుస్తకాల వైపు పోతుంది. సురవరం ప్రతాపరెడ్డి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'నే తీసుకోండి. అది రాజుల వరస కాదు. మన పూర్వులు ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలాడారు, ఏ నమ్మకాలతో బతికారు అన్నది పాత కావ్యాల్లోంచి గింజగింజగా ఏరి కూర్చిన పుస్తకం. దాన్ని వారంలో తిరగేసినవాడికీ, మూడు నెలలు తలగడ పక్కన పెట్టుకున్నవాడికీ మా పట్టికలో పడేది ఒకే టిక్కు. ఇదేం న్యాయం? సందర్భం వచ్చింది కాబట్టి ఒక మాట. కేంద్ర సాహిత్య అకాడమీ 1955లో తెలుగుకు ఇచ్చిన మొట్టమొదటి బహుమతి ఈ పుస్తకానికే వచ్చింది. అప్పటికి ప్రతాపరెడ్డి కన్నుమూసి రెండేళ్లు. చరిత్రలూ వ్యాసాలూ సాహిత్యం కిందికి వస్తాయా అని ముక్కు విరిచేవాళ్లకు ఇది చాలు.

పదిమందీ కలిసి ఇలాంటి పుస్తకాలు చదవడం మనకు కొత్తేమీ కాదు. హైదరాబాదులో 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం పెట్టిన తరమే, 1906లో విజ్ఞాన చంద్రికా మండలినీ పెట్టింది. తెలుగువాళ్ల చేతికి చరిత్రలూ శాస్త్రాలూ అందాలని కొమర్రాజు లక్ష్మణరావు పట్టుబట్టాడు. మండలి తొలి ప్రచురణగా గాడిచర్ల హరిసర్వోత్తమరావు అబ్రహాం లింకన్ చరిత్ర రాశాడు. బానిసత్వాన్ని రద్దు చేసిన మనిషి కథ, నిజాం ఏలుబడిలో ఉన్న నగరంలో, బ్రిటిష్ ఏలుబడిలో ఉన్న భాషాసోదరుల కోసం. ఆ ఎంపిక ఊరికే జరిగిందని ఎలా అనుకోగలం? 1914 ఏప్రిల్‌లో బెజవాడలో జరిగిన తొలి ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభకు అధ్యక్షుడు చిలకమర్తి లక్ష్మీనరసింహం. చిన్నప్పటినుంచీ చూపు సరిగా లేక, చివరికి పూర్తిగా పోగొట్టుకున్న మనిషి. ఆయనకు చదవడమంటే ఎక్కువగా ఇంకొకరు చదువుతుంటే వినడమే. 1935లో పెదవడ్లపూడి, కొల్లూరుల మధ్య కాలువ మీద పుస్తకాల పడవ నడిపారు. ఒడ్డున ఉన్నవాళ్లందరికీ అక్షరాలు వచ్చా? రావు. చదువొచ్చినవాడు ఒకడుంటే చాలు, చుట్టూ కూర్చుని వినేవాళ్లుండేవారు. మౌనంగా, ఒంటరిగా, తలుపేసుకుని చదవడం తర్వాత వచ్చిన అలవాటు.

మా బృందంలో ఒక తెలుగు లెక్చరర్ ఉన్నారు. నవలలు లెక్కలోకి రావన్న షరతు ఆయనకు మొదటిరోజు నుంచీ మింగుడుపడలేదు. "దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్లు' చదివితే దొర గడీ అంటే ఏమిటో ఒంటికి తెలుస్తుంది. మీ చరిత్రలు పది చదవండి, తెలుస్తుందా?" అంటారు. తెలియదు. ఒప్పుకుంటాను. మనిషి లోపలికి దారి తీయడంలో నవలకు సాటి లేదు. అయినా ఒక తేడా ఉంది. నవలలో చచ్చిపోయిన మనిషి కోసం ఎంత ఏడ్చినా, పుస్తకం మూసేశాక ఆ మనిషికి మనం బాకీ లేము. చరిత్రలో చచ్చిపోయిన మనిషికి మనవలుంటారు. ఆ మనవల్లో ఒకరు అదే డాబా మీద, బజ్జీల పళ్లెం పక్కన కూర్చుని ఉండొచ్చు.

మా దగ్గర కూర్చునే ఉన్నారు. ఆ నెల మేం ఎంచుకున్నది 1948, హైదరాబాదు సంస్థానం. ఒక్కొక్కరూ ఒక్కో పుస్తకం తీసుకోవాలని అనుకున్నాం. భారత ప్రభుత్వ ఏజెంట్ జనరల్‌గా హైదరాబాదులో ఉన్న కె.ఎం.మున్షీ 1957లో వేసిన 'ది ఎండ్ ఆఫ్ యాన్ ఎరా' ఒకరికి. నిజాం ఆఖరి ప్రధాని మీర్ లాయక్ అలీ, గృహనిర్బంధం నుంచి తప్పించుకుని పాకిస్తాన్ చేరాక రాసి 1962లో వేసిన 'ట్రాజెడీ ఆఫ్ హైదరాబాద్' ఇంకొకరికి. కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య రాసిన వీరతెలంగాణ విప్లవపోరాట చరిత్ర ఒకరికి. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' ఇంకొకరికి. వీటితో పాటు, భారత సైన్యం సంస్థానంలోకి దిగిన సైనిక చర్య తర్వాత జిల్లాలు తిరిగి పండిత సుందర్‌లాల్ కమిటీ ఇచ్చిన నివేదిక. దశాబ్దాల తరబడి దాన్ని జనం కంట పడనివ్వలేదు.

నల్లగొండ జిల్లా నుంచి వచ్చిన రిటైర్డ్ టీచరమ్మ ఒకరు మాతో ఉన్నారు. ఆమె తండ్రి తెలంగాణ సాయుధ పోరాటంలో దళంలో పనిచేశాడు. ఆమె పుట్టి పెరిగింది ఆ కథల్లోనే. సుందరయ్య ఇచ్చిన లెక్కలన్నీ ఆమెకు కంఠతా వచ్చు. మూడు వేల గ్రామాల్లో ప్రజారాజ్యం, పది లక్షల ఎకరాల పంపకం, నాలుగు వేల మంది కమ్యూనిస్టులూ రైతు యోధులూ హతం, పదివేల మందికి పైగా జైళ్లలో, నిర్బంధ శిబిరాల్లో. బైరాన్‌పల్లి పేరెత్తితే ఆమె గొంతు మారుతుంది. 1948 ఆగస్టులో ఆ ఊరి బురుజును చుట్టుముట్టి రజాకార్లూ నిజాం బలగాలూ జరిపిన ఊచకోత ఆమెకు పుస్తకంలో చదివిన సంగతి కాదు.

బీదర్ వైపు నుంచి వచ్చి హైదరాబాదులో స్థిరపడిన కుటుంబంలో పుట్టిన మిత్రుడు ఒకరున్నారు. ఆయన ఇంట్లో 1948 గురించి పెద్దవాళ్లు మాట్లాడరు. మాట్లాడితే గొంతు తగ్గించి మాట్లాడతారు. సుందర్‌లాల్ కమిటీ నివేదిక ఆయన చేతిలో పడింది. సైనిక చర్య సమయంలోనూ ఆ తర్వాతా సంస్థానంలో తక్కువలో తక్కువ ఇరవై ఏడు వేల నుంచి నలభై వేల మంది చనిపోయి ఉంటారని అందులో ఉంది. ఎక్కువ నష్టం జరిగినవాటిలో ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాలను చెప్పింది. ఈ అంకె ఆయనకు వచ్చు. బైరాన్‌పల్లి ఆయనకు బస్సు బోర్డు మీద చూసిన పేరు మాత్రమే.

టీచరమ్మకు ఈ రెండో అంకె తెలియదు. ఆమె చదువుకోని మనిషి కాదు. ఆ కాలం మీద ఆమె చదివినన్ని పుస్తకాలు మాలో ఎవరూ చదవలేదు. ఇద్దరూ చదివినవి అబద్ధాలూ కావు. నాలుగు వేలన్నది 1951 దాకా సాగిన పోరాటంలో పోయిన ప్రాణాల లెక్క. కమిటీ లెక్కపెట్టింది వేరే మనుషుల్ని, ఎక్కువగా ముస్లింల్ని, వేరే జిల్లాల్లో, వేరే చేతుల్లో పోయినవాళ్లని. ఒక అంకె ఇంకొకదాన్ని కొట్టేయదు. కాని బజారు వాదనల్లో, టీవీ చర్చల్లో వీటిని వాడేది సరిగ్గా అందుకే. ఒకరు ఒక అంకె విసిరితే, దాన్ని కొట్టడానికి ఇంకొకరు ఇంకో అంకె విసురుతారు. రెండు వైపులా చచ్చిపోయినవాళ్లు రాళ్లుగా మారి చేతుల్లోకి వస్తారు.

అయితే ఒక ప్రశ్న. తన వాళ్ల చావుల్ని మాత్రమే ఎరిగిన మనిషి నిజం ఎరిగినట్టా, ఎరగనట్టా? సగం నిజమంటే అబద్ధమే అంటారు కొందరు. నేనలా అనలేను. తండ్రి దెబ్బల్ని కళ్లారా చూసిన కూతురు ముందు ఆ దెబ్బల్నే తలచుకుంటుంది. అది మనిషి తత్వం. అక్కడితో ఆగిపోతే మాత్రం, ఎంత చదివినా తన గాయాన్నే మళ్లీ మళ్లీ చదువుకున్నట్టు. ఒంటరిగా చదివేవాడికి ఈ ప్రమాదం ఎక్కువ. పుస్తకాల షాపులో మనం దేనివైపు చెయ్యి చాపుతాం? మనల్ని ఒప్పుకునేదాని వైపే కదా.

ఇక 'మనకు తెలియని మన చరిత్ర' ఈ రెండు అంకెల్నీ ఇంకో వైపు నుంచి కదిలించింది. ఆడవాళ్ల దగ్గర కూర్చుని, అడిగి, టేపుల మీద పట్టి, అక్షరాల్లోకి దించిన పుస్తకం అది. చిట్యాల ఐలమ్మ మాట్లాడుతుంది. మల్లు స్వరాజ్యం మాట్లాడుతుంది. దళంతో తిరుగుతూ కన్నబిడ్డను పరాయివాళ్ల చేతుల్లో పెట్టాల్సి వచ్చిన కమలమ్మ మాట్లాడుతుంది. పోరాటం ముగిశాక ఇళ్లకు వెళ్లి సంసారాలు చూసుకోమన్నారని చెప్పుకున్నవాళ్లున్నారు. కమలమ్మ బిడ్డ ఏ లెక్కలో చేరతాడు? చచ్చిపోయినవాళ్లలో లేడు, జైలుకు పోయినవాళ్లలో లేడు, భూమి అందుకున్నవాళ్లలోనూ లేడు. ఏ పార్టీ పట్టికలోనూ, ఏ కమిటీ పట్టికలోనూ అతనికి గడి లేదు. ఎవరో వెళ్లి అడిగారు కాబట్టి ఆమె చెప్పింది, ఆమె చెప్పింది కాబట్టి అతను ఉన్నాడు.

కమిటీ నివేదికలో కూడా అంకెల పక్కన ఒక సంగతి ఉంది. పొరుగు హిందువులు ప్రాణాలకు తెగించి ముస్లింలకు ఆశ్రయమిచ్చిన సందర్భాలున్నాయని, ఒకే వృత్తిలో ఉన్నవాళ్ల మధ్య ఈ తోడు మరీ ఎక్కువగా కనిపించిందని రాశారు. ఒకచోట హిందూ నేతపనివాళ్లు ముస్లిం నేతపనివాళ్లకు అడ్డం నిలబడ్డారు, ఆ క్రమంలో తమలో కొందరిని పోగొట్టుకున్నారు. పక్కపక్క మగ్గాల మీద పనిచేసిన ఆ మనుషుల్ని ఏ పుస్తకం ఆ పనికి పురికొల్పింది? బహుశా ఏ పుస్తకమూ కాదు. చదువరులం గర్వపడే ముందు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. భారతీయ విద్యాభవన్ స్థాపించిన మున్షీకి చదువు తక్కువా? లాయక్ అలీకి తక్కువా? వాళ్ల పుస్తకాలు రెండూ పక్కపక్కన చదివితే, ఒకే ఊళ్లో, ఒకే నెలల్లో ఎదురెదురుగా నడిచిన ఆ ఇద్దరూ రెండు వేర్వేరు నగరాల్లో బతికారేమో అనిపిస్తుంది. చదువు మనిషిని దానంతటదే మంచివాణ్ణి చేస్తుందని నేను నమ్మను. మంచిగా ఉండాలనుకున్న మనిషికి సాకులు తగ్గిస్తుంది, అంతే.

"సార్, ఇవన్నీ తెలుసుకొని మనం ఏం చెయ్యాలె?" అని మాలో చిన్నవాడు, ఇంజనీరింగ్ విద్యార్థి, అడిగాడు. లెక్చరర్ ఏదో చెప్పబోయి ఆగారు. టీచరమ్మే జవాబిచ్చారు. "ఏం చెయ్యలేం బిడ్డా. కానీ రేపు నా ముందల ఎవరన్నా నాలుగు వేలొక్కటే చెప్తే, నలభై వేలు కూడా ఉందని నేనే చెప్తా." దానికి మిత్రుడు, "టీచర్‌గారూ, బైరాన్‌పల్లి నేను చెప్తాను" అన్నాడు. రాజీ కుదిరిందని చెప్పడానికి ఇది రాయడం లేదు. తర్వాతి నెల ఆ ఇద్దరూ సుందరయ్య పుస్తకం మీద గట్టిగానే వాదులాడుకున్నారు. ఆ వాదనలో ఇద్దరి దగ్గరా రెండు అంకెలూ ఉన్నాయి, అదీ తేడా.

నిజం చెబుతానని మాటిచ్చిన పుస్తకమే మాట తప్పితే? ఆ గొడవ కూడా మా మధ్య వచ్చింది. అలెక్స్ హేలీ 'రూట్స్'కు సహవాసి చేసిన తెలుగు అనువాదం 'ఏడు తరాలు'ను ఒకరు పట్టికలో రాశారు. 1976లో వచ్చి, మరుసటి ఏడాది పులిట్జర్ ప్రత్యేక పురస్కారం పొందిన పుస్తకం. హెరాల్డ్ కోర్లాండర్ నవలలోని భాగాలు ఇందులో చేరాయని కేసు నడిచి, 1978లో హేలీ సొమ్ము చెల్లించి రాజీ చేసుకున్నాడు. ఆయన చెప్పిన వంశవృక్షం నిలవదని తర్వాత చరిత్రకారులు వాదించారు. పట్టికలోంచి తీసేయాలని సగంమంది, ఉంచాలని సగంమంది. ఉంచాలన్నదే నా తీర్పు, కాని కేసు సంగతీ, చరిత్రకారుల ఆక్షేపణా పక్కనే రాసి. బానిస ఓడల్లో సముద్రం దాటినవాళ్లు కల్పన కాదు. వాళ్లలో ఫలానావాడు నా ముత్తాతకు ముత్తాత అన్న రుజువు దగ్గర పేచీ. ఆ పేచీని దాచి పుస్తకాన్ని మెచ్చుకోవడం తప్పు. పేచీని అడ్డం పెట్టుకుని ఓడల్ని మరిచిపోవడం అంతకన్నా పెద్ద తప్పు.

ఏడాది చివర్లో మా పట్టికలో అందరికన్నా ఎక్కువ టిక్కులు ఎవరికి పడ్డాయో ఎవరూ లెక్కపెట్టలేదు. మీరూ ఇలాంటి పందెం పెట్టుకోబోతుంటే ఒక విన్నపం. అంకె మీ ఇష్టం. కాని చదివే ప్రతి పుస్తకానికీ ఎదురు నిలిచే పుస్తకం ఒకటి చదవండి. దాన్ని మీరు ఎంచుకోవద్దు. మీ ఇంట్లో చెప్పుకోని కథలు చెప్పుకునే ఇంట్లో పుట్టిన మనిషిని ఒకరిని పిలిచి, వాళ్లని ఎంచమనండి.