ఏలీ చేసిన పొరపాటు



సమూవేలు మొదటి గ్రంథం తెరవగానే మనకు అన్నా అనే స్త్రీ కనిపిస్తుంది. ఆమెకు బిడ్డలు లేరు. సవతి పెనిన్నా ఏటేటా ఆమెను దెప్పిపొడిచేది. భర్త ఎల్కానాకు ఆమెపై ఎంతో ప్రేమ ఉన్నా, ఆమె దుఃఖం లోతు అతనికి అందలేదు. షిలో మందిరంలో ఆమె పెదవులు మాత్రమే కదుపుతూ ప్రార్థిస్తుంటే, వాకిట కూర్చున్న యాజకుడు ఏలీ ఆమె తాగి ఉన్నదనుకొని మందలించాడు. ఓదార్చవలసిన గురువే ఆమె కన్నీటిని గుర్తించలేకపోయాడు.

ఈ ఘట్టం చదివినప్పుడల్లా నా పొరపాటే నాకు గుర్తుకు వస్తుంది.

కొన్నేళ్ళ క్రితం నేను పనిచేసిన ఒక విచారణలో పదమూడేళ్ళ అమ్మాయికి లింఫు గ్రంథుల క్యాన్సర్ వచ్చింది. కీమో మందులు మొదలుపెట్టే ముందు ఆమె తల్లి పూజ చెప్పించుకోవడానికి వచ్చి, "ఫాదర్‌గారూ, ఈ మందుల వలన పిల్లకు రేపు బిడ్డలు పుట్టకపోవచ్చునని అక్కడ ఒక నర్సమ్మ అన్నది. ఏం చేయమంటారు?" అని అడిగింది. "ముందు ప్రాణం దక్కనివ్వండమ్మా, మిగతాది దేవుడే చూసుకుంటాడు" అన్నాను. అది భక్తిగల మాటగానే వినిపించింది. ఆ తల్లి మరి మాట్లాడకుండా వెళ్ళిపోయింది.

దేవుని దయవలన అమ్మాయి బ్రతికింది. తొమ్మిదేళ్ళ తరువాత ఒక పెళ్ళి సంబంధం వచ్చినప్పుడు నా దగ్గరకు వచ్చింది. నెలసరి ఆగిపోయి చాలా కాలమైందనీ, అండాశయాలు పని మానేశాయనీ డాక్టరుగారు చెప్పారట. "ఆనాడు మా అమ్మ మిమ్మల్ని అడిగిందట గదా ఫాదర్. ఒక్కసారి డాక్టరుగారిని అడగమని మీరు చెప్పి ఉంటే?" అన్నది. నా దగ్గర జవాబు లేదు. ఆమె అనుమతితోనే ఇది వ్రాస్తున్నాను. పేరు, ఊరు చెప్పను.

ప్రియులారా, ఆనాడు నేను చెప్పవలసింది ఈనాడు మీకు చెబుతాను.

ఆడబిడ్డ పుట్టినప్పుడే ఆమె అండాశయాలలో సుమారు 10 నుండి 20 లక్షల అండాలు ఉంటాయి. ఆ తరువాత అవి తగ్గుతూ పోతాయే గాని పెరగవు. సాధారణంగా యాభయ్యేళ్ళ దరిదాపులలో ముట్లుడుగుతాయి. కాని నూటికి కనీసం ఒక స్త్రీలో నలభై ఏళ్ళు నిండకముందే అండాశయాలు ఆగిపోతాయి. కొన్ని కీమో మందులు, పొత్తికడుపుకు ఇచ్చే రేడియేషన్, అంటే మనవాళ్ళు "కరెంటు పెట్టడం" అనేది, ఎముక మజ్జ మార్పిడికి ముందు ఇచ్చే బలమైన మందులు ఇందుకు కారణం కావచ్చు. దాదాపు 2,500 మంది ఆడపిల్లలలో ఒకరికి పుట్టుకతో వచ్చే టర్నర్ సిండ్రోమ్ మరొక కారణం. అందువలన ఈడుకు తగిన ఎత్తు ఎదగని పిల్లను, పదిహేనేళ్ళు వచ్చినా పెద్దమనిషి కాని పిల్లను డాక్టరుకు చూపించాలి. మొక్కులతో సరిపెట్టరాదు.

కాపాడుకునే మార్గాలు లేకపోలేదు. రేడియేషన్ పడే చోటునుండి అండాశయాలను చిన్న ఆపరేషన్‌తో పక్కకు జరపవచ్చు. మరొక పద్ధతిలో చికిత్సకు ముందు అండాశయపు పొరను కొంత తీసి అతి చల్లదనంలో భద్రపరచి, జబ్బు నయమైన తరువాత అదే స్త్రీ శరీరంలో తిరిగి అమరుస్తారు. బెల్జియంలోని లూవేన్ కథోలిక విశ్వవిద్యాలయ వైద్యులు 1997లో ఒక క్యాన్సర్ రోగి నుండి అలా తీసి దాచిన పొరను 2003లో తిరిగి అమర్చారు. ఆమె సహజంగా గర్భం ధరించి 2004 సెప్టెంబరులో ఆడబిడ్డను కన్నది. అదే దేశంలో సికిల్ సెల్ వ్యాధికి మజ్జ మార్పిడి చేయకముందు, ఇంకా రజస్వల కాని పిల్లనుండి తీసిన పొర వలన, ఆమె పెద్దయ్యాక 2014లో బిడ్డ పుట్టింది. సికిల్ సెల్ మన ఏజెన్సీ గిరిజన కుటుంబాలలోనూ ఉన్న వ్యాధే.

ఇది తప్పక ఫలిస్తుందని ఎవరూ మాట ఇవ్వలేరు. రక్త క్యాన్సర్ అయితే ఆ పొరతో పాటు జబ్బు కణాలు తిరిగి వచ్చే ప్రమాదం ఉంది. టర్నర్ ఉన్న స్త్రీకి గర్భం గుండెపై ప్రాణాంతకమైన భారం కావచ్చు. ఆసుపత్రులన్నింటిలో ఈ సదుపాయం లేదు, ఖర్చూ ఉంటుంది. అయినా అడగవలసిన సమయం చికిత్సకు ముందున్న ఆ కొద్దిరోజులే. ఆ గడువు దాటితే చేయగలిగింది చాలా తక్కువ. కనుక "మా పిల్ల అండాశయాలకు దీనివలన ఏమవుతుంది? ముందుగా ఏమైనా చేయవచ్చునా?" అని డాక్టరును అడగండి. అడగడం అవిశ్వాసం కాదు. వైద్యుణ్ణీ, మందునూ సృష్టించింది దేవుడేనని సీరా గ్రంథం బోధిస్తున్నది.

"మరి శ్రీసభ ఏమంటుంది ఫాదర్?" అని మీరు అడుగుతారు. 1987లో రోమునుండి వెలువడిన "దోనుం వీతే", 2008లో వెలువడిన "దిగ్నితాస్ పెర్సోనే" పత్రాలు ఈ విషయంలో మనకు దారి చూపుతాయి. బిడ్డ భార్యాభర్తల దాంపత్య ప్రేమ ఫలంగా రావలసిన దేవుని వరం, ప్రయోగశాలలో తయారుచేసుకునే వస్తువు కాదు. అందుచేత శరీరం వెలుపల గర్భధారణ చేయించే ఉద్దేశంతో అండాలను గడ్డకట్టించి దాచడాన్ని శ్రీసభ అంగీకరించదు. కాని దాంపత్యానికి బదులుగా నిలవక, దానికి తోడ్పడే వైద్యాన్ని శ్రీసభ కాదనదు. తన అండాశయాన్ని రేడియేషన్ నుండి తప్పించడం, తన పొరను తన శరీరంలోనే తిరిగి పెట్టించుకొని సహజంగా తల్లి కావాలని ఆశించడం ఈ రెండవ కోవకు చెందుతాయి. సందేహముంటే మీ విచారణ గురువును అడగండి. గురువులారా, మీరు నాలాగా ఒక్క మాటతో పంపివేయకండి.

ఇక తల్లిదండ్రులకు ఒక మాట. జరిగింది పిల్లకు దాచకండి. వయసుకు తగినట్లు చెప్పండి. అండాశయాలు ఆగిన పిల్లకు ఎముకలు, గుండె బలహీనపడకుండా హార్మోను మందులు ఏళ్ళ తరబడి కావలసి రావచ్చు. నలుగురికీ తెలుస్తుందని ఆ వైద్యం మాన్పించడం పాపం. పెళ్ళి విషయంలోనూ అంతే. 1983 నాటి శ్రీసభ చట్టం 1084వ సూత్రం ప్రకారం సంతానలేమి వివాహానికి ఆటంకం కాదు. కాని పెళ్ళికి ఒప్పించడానికి దానిని దాచి మోసగిస్తే, 1098వ సూత్రం ప్రకారం ఆ వివాహమే చెల్లకపోవచ్చు.

ఆ అమ్మాయి పెళ్ళివారికి తానే చెప్పింది. సంబంధం తప్పిపోయింది. తల్లి కుమిలిపోయింది. అమ్మాయి మాత్రం నాతో, "చెప్పకుండా చేసుకుంటే రోజూ భయపడుతూ బ్రతకాలి ఫాదర్" అన్నది.

మన ఇండ్లలో, మన గుడి మెట్లమీద కూడా "గొడ్రాలు" అనే మాట ఇంకా వినబడుతున్నది. శుభకార్యాలలో అటువంటి స్త్రీని వెనక్కు నెట్టేవారు జపమాల చేతబట్టినా పెనిన్నా సంతతే. బిడ్డలు లేనివారికి కొడుకులు, కూతుళ్ళకంటె మేలైన పేరును తన ఆలయంలోనే ఇస్తానని యెషయా గ్రంథం 56వ అధ్యాయంలో ప్రభువు వాగ్దానం చేశాడు. దేవుడు గౌరవించినవారిని తక్కువచేయడానికి మనమెవరం?

అన్నాకు తరువాత సమూవేలు పుట్టాడు. అందరికీ సమూవేలు పుట్టడు. కాని ఒక సంగతి గమనించండి. ఏలీ తన పొరపాటు దిద్దుకొని, ఆమె మాట విని, దీవించి పంపాడు. బిడ్డ ఇంకా కడుపున పడకముందే ఆమె లేచి భోజనం చేసింది, ఆమె ముఖం తేటపడింది. తన మొర విని దీవించే గురువు దొరికినందుకే ఆమెకు అంత ఊరట కలిగింది. ఆ ఊరటను మన బిడ్డలకు ఇవ్వడానికి ఏ ఆసుపత్రీ, ఏ ఖర్చూ అక్కరలేదు.

ప్రభువా, జబ్బుపడిన మా ఆడబిడ్డలను స్వస్థపరచు. సమయానికి అడిగే వివేకం తల్లిదండ్రులకు, ఓపికగా వినే చెవులు నీ గురువులకు దయచేయి. దేవమాత మరియమ్మా, మా కొరకు ప్రార్థించు. ఆమెన్.