పుట్టబోయే వారి హక్కు

చార్మినార్ దగ్గర బస్సెక్కినవారు ఈశాన్య దిక్కుగా వెళ్తే మౌలాలి చేరుకుంటారు. అక్కడ 1971లో న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ ఏర్పడింది. యురేనియం పొడిని బిళ్ళలుగా చేసి, కొలిమిలో కాల్చి, జిర్కోనియం మిశ్రమలోహపు గొట్టాల్లో నింపి, ఆ గొట్టాలను కట్టలుగా కట్టి కైగా, రావత్‌భాటా, కాక్రపార్ వంటి రియాక్టర్లకు పంపుతారు. చిన్న రియాక్టర్ల కట్టకు 19 గొట్టాలు ఉంటాయి.

మౌలాలిలో తయారైన కట్టను కార్మికుడు చేతి తొడుగులతో పట్టుకోగలడు. రియాక్టర్‌లో మండి బయటికి వచ్చాక దాని దగ్గరికి వెళ్ళిన మనిషి బతకడు. దాన్ని ఏళ్ళ తరబడి నీటి తొట్లలో చల్లారుస్తారు. తర్వాత ట్రాంబే, తారాపూర్, కల్పాక్కంలలో నైట్రిక్ ఆమ్లంలో కరిగించి, మళ్ళీ వాడుకోదగిన యురేనియాన్ని, ప్లుటోనియాన్ని వేరుచేస్తారు. మిగిలిన విషాన్ని గాజులో కలిపి ఉక్కు డబ్బాల్లో భద్రపరుస్తారు. వాటిని భూగర్భంలో శాశ్వతంగా దాచే చోటు మన దేశంలో ఇంకా లేదు.

ఎంతకాలం కాపాడాలి? చార్మినార్ కట్టింది 1591లో. ఆనాడే దాని పునాదిలో సీసియం పెట్టి ఉంటే, ఈపాటికి పదివేలలో ఒక వంతు కూడా మిగిలేది కాదు. అదే ప్లుటోనియం అయితే వందలో రెండు వంతులు కూడా తగ్గేది కాదు. అది సగమవడానికే సుమారు 24,000 ఏళ్ళు పడుతుంది.

సోదర సోదరీమణులారా! ఇక్కడ ఒక ప్రశ్న ఉంది. ఇంకా పుట్టనివారికి మనపై హక్కు ఉంటుందా?

హజ్రత్ ఉమర్ (రజి) కాలంలో ఇరాక్ సారవంతమైన భూములు ముస్లిముల చేతికి వచ్చాయి. వాటిని సైనికులకు పంచాలని కొందరు సహాబాలు పట్టుబట్టారు. అలా పంచేస్తే తర్వాత వచ్చేవారికి ఏం మిగులుతుందని ఆయన ప్రశ్నించారు. తమ తర్వాత వచ్చేవారి ప్రస్తావన ఉన్న హష్ర్ సూరాను ఆధారంగా చూపారు. భూమి సాగుచేసేవారి చేతిలోనే ఉండిపోయింది. దాని ఖరాజు తరతరాల ముస్లిములకు ఆదాయమైంది.

లాభంలోనే వారికి వాటా ఉన్నప్పుడు, నష్టం నుండి రక్షణ పొందే హక్కు వారికి ఉండదా? కరెంటు మనం వాడుకుని, బూడిదకు కాపలా వారిచేత కాయించడం న్యాయమేనా?

దీనర్థం అణు విద్యుత్తు నిషిద్ధమని కాదు. బొగ్గు పొగ కూడా పసిపిల్లల ఊపిరితిత్తుల్లోకే వెళ్తుంది. ఇంధనాన్ని శుద్ధిచేసి తిరిగి వాడుకోవడం దుబారాను తగ్గిస్తుంది కూడా. అయితే అమానతును చేపట్టినవారు దాని లెక్కను దాచకూడదు, భారాన్ని బలహీనుల మీదికి నెట్టకూడదు. కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం శుద్ధి వ్యర్థాల చెరువు దగ్గరి రైతులు బోరు నీళ్ళు పాడయ్యాయని మొరపెట్టుకున్నారు. అలాంటి మొరను వినడం, నిజం తేల్చడం కూడా అమానతులో భాగమే.

“అల్లాహ్ రాసిందే జరుగుతుంది, మనమేం చేయగలం?” అని కొందరు అంటారు. ఒంటెను వదిలేసి అల్లాహ్‌ను నమ్ముకోవాలా, కట్టేసి నమ్ముకోవాలా అని అడిగిన వ్యక్తికి, ముందు కట్టమనే దైవప్రవక్త (సఅసం) బోధించారు.

ఇంత పెద్ద విషయం మన చేతిలో లేదనిపించవచ్చు. కానీ పాత ఇన్వర్టర్ బ్యాటరీలోని యాసిడ్‌ను గల్లీ నాలాలో పోసే చేయి మనదే. అది మూసీకి చేరుతుంది. నీటి రేవును, బాటను, నీడను మలినం చేయవద్దని దైవప్రవక్త (సఅసం) హెచ్చరించారు. మనిషి ముందుగా పంపుకున్న కర్మలతో పాటు వెనుక వదలి వెళ్ళిన జాడలు కూడా నమోదవుతాయని యాసీన్ సూరా తెలుపుతోంది.

తీర్పుదినాన మన ముఖం కూడా ఎరుగనివారు మనపై ఫిర్యాదుదారులుగా నిలబడే స్థితి నుండి అల్లాహ్ మనల్ని కాపాడుగాక! ఆమీన్.