ఖర్చుకు వెరచి మానుకున్న వైద్యం సహనమవుతుందా?

మన ఇళ్లలో పెద్దలు తరచుగా అనే మాట ఒకటుంది: "నేను పండుటాకును. నా మందులకు పెట్టే డబ్బు మనవరాలి నికాహ్‌కు దాచండి. అల్లాహ్ ఎలా రాస్తే అలా జరుగుతుంది." వినేవారి కళ్లు చెమరుస్తాయి. ఎంత సహనం, ఎంత తవక్కుల్ అని మెచ్చుకుంటారు. అయితే ఖర్చుకు భయపడి వైద్యం మానుకోవడం నిజంగా సహనమేనా? షరీఅత్ వెలుగులో పరిశీలిద్దాం.

వైద్యం తవక్కుల్‌కు విరుద్ధం కాదు

వైద్యం చేయించుకోవచ్చా అని పల్లెవాసులైన కొందరు అరబ్బులు దైవప్రవక్త (స)ను అడిగారు. చేయించుకోమని ఆయన ఆదేశించారు. వృద్ధాప్యం తప్ప మందులేని వ్యాధిని అల్లాహ్ సృష్టించలేదని తెలిపారు (అబూదావూద్, తిర్మిజీ). హజ్రత్ ఉబై బిన్ కఅబ్ (రజి) వద్దకు స్వయంగా వైద్యుణ్ణి పంపించారు (ముస్లిం).

ఫతావా ఆలంగీరీలో ఈ విషయం వివరంగా ఉంది. ఆకలికి రొట్టె, దాహానికి నీరు తప్పక పనిచేసే సాధనాలు. ప్రాణం పోతుందన్న భయమున్నప్పుడు వాటిని వదలడం హరామ్. సాధారణ వైద్యం బహుశా పనిచేసే సాధనం. దాన్ని వదిలినవాడు పాపి కాడు. అయితే 1992లో జిద్దాలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖహ్ అకాడమీ మరింత స్పష్టత ఇచ్చింది. వైద్యం మానితే ప్రాణం పోయే, అవయవం దెబ్బతినే, లేదా వ్యాధి ఇతరులకు అంటే ప్రమాదముంటే వైద్యం వాజిబ్ అని తీర్మానించింది. ఇన్సులిన్ తప్పనిసరైన రోగికి ఆ మందు రొట్టె, నీళ్ల స్థాయికి దగ్గరగానే ఉంది. ఇక ఆశ లేదని నిపుణులైన వైద్యులు తేల్చినచోట చికిత్స ఆపడానికి అనుమతి ఉంది. అక్కడ ఇల్లు అమ్మలేదని బిడ్డలను నిందించడం తగదు.

రెండు హదీసులు

మూర్ఛవ్యాధి గల ఒక స్త్రీ దైవప్రవక్త (స) వద్దకు వచ్చింది. సహనం వహిస్తే స్వర్గం, కోరుకుంటే స్వస్థత కోసం దుఆ అని ఆయన ఆమె ముందు రెండు మార్గాలు ఉంచారు. ఆమె సహనాన్ని ఎంచుకుంది (బుఖారీ, ముస్లిం). ఇక్కడ గమనించవలసిన సంగతి, ఆమె ముందు రెండు తలుపులూ తెరిచి ఉన్నాయి. మన ఇంటి పెద్దాయన ముందు ఒక తలుపు డబ్బు లేక మూసుకుపోయింది. మిగిలిన తలుపులోంచి వెళ్లడాన్ని ఎంపిక అనగలమా? ఆయన సంకల్పానికి అల్లాహ్ పుణ్యం ప్రసాదిస్తాడని ఆశిద్దాం. అంతమాత్రాన చుట్టూ ఉన్నవారి బాధ్యత తీరిపోదు.

కొందరు హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) హదీసును చూపిస్తారు. మక్కాలో తీవ్రంగా జబ్బుపడిన ఆయన తన ఆస్తిలో మూడింట రెండు వంతులు దానం చేస్తానన్నారు. మూడో వంతే ఎక్కువని, వారసులను ఇతరుల ముందు చేయిచాచేవారిగా విడిచిపోవడం కంటే కలిగినవారిగా విడిచిపోవడమే మేలని దైవప్రవక్త (స) బోధించారు. కాని ఇది దానానికి హద్దు పెట్టిన మాట. వైద్యం మానమని చెప్పిన మాట కాదు. పైగా సఅద్ (రజి) కోలుకున్నారు. ఆ తర్వాత ఖాదిసియా యుద్ధంలో ముస్లిం సైన్యానికి నాయకత్వం వహించారు.

ఈ ఖర్చు ఎవరి బాధ్యత?

ఇది పేద దేశాల బాధ మాత్రమే కాదు. మన బంధువులెందరో స్థిరపడిన అమెరికాలో 2021 జూన్ నాటికి ప్రజల రుణ రికార్డుల్లో చేరిన వైద్యపు బాకీలు 8,800 కోట్ల డాలర్లని అక్కడి ప్రభుత్వ సంస్థే అంచనా వేసింది. బ్రిటన్‌లో 1948 నుండి ప్రభుత్వమే వైద్యసేవ నడుపుతోంది. రెండూ ధనిక దేశాలే. తేడా సంపదలో లేదు, భారాన్ని పంచుకునే పద్ధతిలో ఉంది.

మన దేశంలో మొత్తం ఆరోగ్య వ్యయంలో ప్రజలు జేబులోంచి పెట్టేది 2013-14లో నూటికి 64 వంతులు. 2021-22 నాటికి అది 39కి తగ్గింది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పరిమితి తెలంగాణలో 2023 డిసెంబరులో పది లక్షలకు పెరిగింది. ఇవి మేలైన మార్పులే. అయితే ఆరోగ్యశ్రీ ప్రధానంగా ఆస్పత్రిలో చేరి చేయించుకునే చికిత్సలకు. బేగంబజార్‌లో మూటలు మోసే హమాలీకి ఉస్మానియా ఆస్పత్రి నడిచిపోయేంత దగ్గర. కాని మంచాన పడిన రోజు అతని కూలి ఆగిపోతుంది. బయట చేయించిన పరీక్షలు, నెలనెలా కొనే షుగరు మాత్రలు ఇంటిమీదే పడతాయి. ఆ సందులోంచే వడ్డీ అప్పు ఇంట్లోకి దూరుతుంది.

మన పూర్వీకులు దీన్ని ఒక్క ఇంటి బాధ్యతగా వదలలేదు. కందక యుద్ధంలో గాయపడిన హజ్రత్ సఅద్ బిన్ ముఆజ్ (రజి) కోసం మస్జిదె నబవీలోనే గుడారం వేయించారు. 1284లో కైరోలో సుల్తాన్ ఖలావూన్ కట్టించిన ఆస్పత్రి వక్ఫ్ ఆదాయంతో నడిచింది. మూసీకి అవతల ఉన్న దారుష్షిఫా పేట, ఖుతుబ్‌షాహీల కాలంలో కట్టించిన వైద్యాలయం పేరునే నేటికీ మోస్తోంది.

మనం చేయవలసినవి

రోగిని పరామర్శించేటప్పుడు పండ్లతో సరిపెట్టక, మందులు అందుతున్నాయా అని ఇంటివారిని ఏకాంతంగా అడగండి. అడగడానికి సిగ్గుపడే ఇల్లే ఎక్కువ అవసరంలో ఉంటుంది.

తౌబా సూరా 60వ ఆయత్ జకాత్ హక్కుదారుల్లో రుణగ్రస్తులను పేర్కొంది. అప్పు పోగా నిసాబ్ మిగలని రోగి జకాత్‌కు అర్హుడు. అయితే హనఫీ ఫిఖహ్ ప్రకారం సొమ్ము అతని సొంతం కావాలి. కనుక అతని చేతికివ్వండి, లేదా అతని అనుమతితో ఆస్పత్రి బిల్లు కట్టండి.

జకాత్‌కు అర్హులు కానివారికి వడ్డీలేని ఖర్జె హసనా ఇవ్వండి. తీర్చలేకపోతే గడువివ్వమని, మాఫీ చేస్తే ఇంకా మేలని బఖరా సూరా 280వ ఆయత్ బోధిస్తోంది. ప్రతి మస్జిద్ కమిటీ ఇందుకోసం ఒక చిన్న నిధి ఉంచితే మొహల్లాకు ఎంతో ఊరట.

ఇంటి పెద్ద "నాకు వైద్యం వద్దు" అన్నప్పుడు వెంటనే సహనమని మెచ్చుకోకండి. ముందు తలుపు తెరవండి. డబ్బు సమకూరాక కూడా ఆయన వద్దంటే అది ఆయన ఎంపిక. అంతకుముందు అన్న మాటకు మాత్రం పొరుగువారమైన మనం అల్లాహ్ ముందు జవాబు చెప్పుకోవలసి ఉంటుంది.

అల్లాహ్ మన రోగులకు స్వస్థతను, రుణగ్రస్తులకు విముక్తిని, మనకు వారి స్థితిని తెలుసుకునే హృదయాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.