బల్ల దగ్గర ఖాళీ చోటు

సుమారు క్రీ.శ. 55లో పౌలు ఎఫెసు నుంచి కొరింథు సంఘానికి ఒక ఉత్తరం రాశాడు. తండ్రి భార్యను ఉంచుకున్న మనిషి ఒకడు ఆ సంఘంలోనే తిరుగుతున్నాడు. సంఘం కంటతడి పెట్టకపోగా అతిశయపడుతోంది. ఆ ఉత్తరం చదివితే పౌలు ఆ మనిషి మీద కంటే, చూస్తూ ఊరుకున్న సంఘం మీదే ఎక్కువ మండిపడ్డాడనిపిస్తుంది. అతణ్ణి వెలివేయమన్నాడు. అతనితో కలిసి భోజనం కూడా చేయవద్దన్నాడు.

మన ప్రసంగాలు చాలావరకు ఇక్కడే ఆగిపోతాయి. కానీ పౌలు ఆగలేదు. రెండో ఉత్తరంలో, సంఘం శిక్షించిన ఒకతని గురించి మళ్లీ రాశాడు. అతను మొదటి ఉత్తరంలోని మనిషేనని పూర్వం నుంచి చాలామంది నమ్మారు, వేరే మనిషన్నవాళ్లూ ఉన్నారు. ఎవరైనా సరే, పౌలు చెప్పింది ఒక్కటే: పడిన శిక్ష చాలు, ఇక క్షమించండి, ఓదార్చండి, లేకపోతే దుఃఖంలో మునిగిపోతాడు. వెలివేయమని ఆజ్ఞాపించిన ఆ చెయ్యే, చేర్చుకోమని బతిమాలుతూ రాసింది.

యేసు చెప్పిన క్రమం మత్తయి సువార్త 18వ అధ్యాయంలో ఉంది. తప్పు చేసిన సహోదరుని దగ్గరికి ముందు ఒంటరిగా వెళ్లాలి. వినకపోతే ఒకరిద్దరిని వెంటబెట్టుకుని వెళ్లాలి. అప్పటికీ వినకపోతేనే సంఘానికి చెప్పాలి. మనం చాలాసార్లు ఆ మొదటి మెట్టు దాటేస్తాం. ఆ మనిషికి తప్ప అందరికీ చెబుతాం. అతను ప్రభువు బల్లకు దూరమయ్యే నాటికి, అతని గుమ్మం తొక్కినవాళ్లు ఒక్కరూ ఉండరు. దీన్ని క్రమశిక్షణ అనడానికి నాకు నోరు రావడం లేదు.

దుర్బోధ విషయంలోనూ తేడా తెలుసుకోవాలి. పునరుత్థానం ఎప్పుడో జరిగిపోయిందంటూ హుమెనైయు, ఫిలేతు కొందరి విశ్వాసాన్ని చెరిపేశారు. పౌలు వాళ్ల పేర్లు పెట్టి మరీ హెచ్చరించాడు. మంద చెదిరిపోతుంటే కాపరి మౌనంగా ఉండకూడదు. అలెగ్జాండ్రియా నుంచి వచ్చిన అపొల్లో అలాంటివాడు కాదు. లేఖనాల్లో దిట్ట, గొప్ప వక్త. అయితే యోహాను బాప్తిస్మం వరకే తెలుసు. ఎఫెసు సమాజమందిరంలో అతని మాటలు విన్న అకుల, ప్రిస్కిల్ల దంపతులు పదిమందిలో లేచి తప్పు పట్టలేదు. డేరాలు కుట్టుకుని బతికే ఆ ఇద్దరూ అతణ్ణి తమతో చేర్చుకుని, దేవుని మార్గాన్ని మరింత వివరంగా చెప్పారు. ఆ తర్వాత అకయకు వెళ్లి అక్కడి విశ్వాసులకు అతనెంతో సాయపడ్డాడు. నలుగురిలో అవమానించి ఉంటే ఆ సేవకుణ్ణి సంఘం పోగొట్టుకునేదేమో.

వెలివేసే అధికారం పెత్తనం కోరేవాళ్ల చేతిలో పడితే ఏమవుతుందో యోహాను మూడో పత్రికలో ఉంది. దియొత్రెఫే అనేవాడు సహోదరులను తాను చేర్చుకోడు. చేర్చుకునేవాళ్లను అడ్డుకుని సంఘంలోంచి వెళ్లగొడతాడు. అక్కడ యోహాను తప్పుపట్టింది వెళ్లగొట్టినవాణ్ణే.

ఈ ఆదివారం బల్ల దగ్గర ఒకరి చోటు ఖాళీగా కనిపిస్తే, ఆరాధన అయ్యాక ఆ ఇంటికి వెళ్లండి. ఎవరినీ వెంటబెట్టుకోకుండా, ఒక్కరే వెళ్లండి.